లైసెన్సు వచ్చింది, కారు తీయాలంటేనే టెన్షన్: డెల్టా రోడ్ల మీద ధైర్యంగా నడపడం ఎలా

లైసెన్సు కార్డు చేతికొచ్చి నెలలు దాటింది. కారు మాత్రం షెడ్డులో కవరు కప్పుకునే ఉంది. ఏదైనా పని పడితే డ్రైవరుకి ఫోన్ చేయడమో, తమ్ముణ్ణో బావనో బతిమాలుకోవడమో తప్పట్లేదు. ఇలాంటివాళ్ళు మన గోదావరి జిల్లాల్లో ప్రతి వీధిలోనూ ఉంటారు.

ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. డ్రైవింగ్ స్కూలు కారులో మాస్టారి కాళ్ళ దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. మీరు తడబడిన ప్రతిసారీ ఆయన కాలు పని చేసింది. టెస్టేమో ఖాళీ ట్రాకు మీద జరిగింది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేలు, ఎదురుగా అమలాపురం బస్సు వస్తుంటే ఏం చేయాలో అక్కడ ఎవరూ అడగలేదు. మనకి రోజూ ఎదురయ్యేదేమో అదే.

నా లెక్కలో డెల్టాలో కారు నడపడానికి స్పీడుతో పెద్ద పని లేదు. ఎక్కడ ఆగాలో ముందే చూసుకోవడం, ఆగినప్పుడు వెనకవాడి హారనుకి కంగారు పడకపోవడం, అవసరమైతే కాస్త దూరం వెనక్కి తీయగలగడం. ఈ మూడూ వస్తే గట్టు రోడ్డు మీద ఎవరికీ భయపడక్కర్లేదు. వీటిని ఏ వరసలో నేర్చుకుంటే తేలికో చెప్తాను.

కారు కదపకముందు

ముందు సీటు సరిచేసుకోండి. క్లచ్ పూర్తిగా నొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి. వీపు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచుకి అందాలి. సీటు ఎత్తు పెంచే మీట ఉంటే వాడండి, బానెట్ కనిపించడం లేదన్న సగం భయం దాంతోనే పోతుంది. అద్దాల్లో మీ కారు పక్క అంచు సన్నటి చారలా కనిపిస్తే చాలు, మిగతాదంతా రోడ్డు కనపడాలి. ఎడమ అద్దం కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి అందులో కనిపించే బండి నిజానికి ఇంకా దగ్గరలో ఉంటుంది.

తర్వాతది మాత్రం ఎవరూ నేర్పరు, కానీ మన రోడ్లకి ఇదే ప్రాణం: ఎడమ ముందు చక్రం ఎక్కడుందో సీట్లో కూర్చుని తెలుసుకోవడం. హైస్కూలు గ్రౌండుకో, పని లేని కళ్ళానికో వెళ్ళండి. ఖాళీ నీళ్ళ సీసా ఒకటి నేల మీద పడుకోబెట్టి, దాని మీంచి ఎడమ చక్రం పోనివ్వడానికి ప్రయత్నించండి. మొదట అడుగున్నర దూరంలో తప్పిపోతుంది. దిగి చూసుకోండి, మళ్ళీ తిప్పుకుని రండి. సీసా టప్పుమన్నప్పుడు, అంతకు ముందు అది బానెట్ మీద ఏ చోటు వెనకాల మాయమైందో గుర్తు పెట్టుకోండి. అద్దం కింద వైపర్ మొదలయ్యే చోటో, బానెట్ మడతో ఏదో ఒక గుర్తు దొరుకుతుంది. ఇకపై తారు అంచు ఆ గుర్తు దగ్గర కనిపిస్తే మీ చక్రం సరిగ్గా అంచు మీద ఉన్నట్టు.

అదే గ్రౌండులో యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ ఒక్కదానితోనే కారుని నడక వేగంతో కదపండి. క్లచ్ నెమ్మదిగా వదులుతుంటే ఒకచోట ఇంజను శబ్దం కొంచెం బరువెక్కుతుంది, బానెట్ సన్నగా పైకి లేచినట్టు ఉంటుంది. కాలు అక్కడే ఆపండి. కారు దానంతటదే కదులుతుంది. మళ్ళీ నొక్కండి, ఆపండి. విసుగు పుట్టేదాకా చేయండి. ఇది కాలికి అలవాటైతే ట్రాఫిక్‌లో ఇంజను ఆగిపోవడం దాదాపు ఉండదు. వెనక్కి తీయడం కూడా ఈ పద్ధతిలోనే నేర్చుకోవాలి.

పక్కన ఎవరు కూర్చోవాలి

బాగా నడిపేవాళ్ళంతా బాగా నేర్పలేరు. "బ్రేకు, బ్రేకు" అని అరిచే మనిషి పక్కనుంటే వచ్చింది కూడా మర్చిపోతాం. ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలిసిన మనిషిని ఎంచుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కి కూర్చుంటే మర్యాదగానే చెప్పేయండి: "మావయ్యగారూ, ఈ పూటకి మీరేమీ చెప్పకండి. డౌటొస్తే నేనే అడుగుతానండి." నొచ్చుకోరు. నొచ్చుకున్నా సాయంత్రానికి సర్దుకుంటారు.

కొన్నాళ్ళయ్యాక ఒంటరిగా కూడా తీయాలి. పక్కన మనిషి ఉన్నంతకాలం సగం నిర్ణయాలు ఆయనకే వదిలేస్తాం. లైసెన్సు వచ్చాక ఎల్ బోర్డు ఉండి తీరాలన్న రూలు లేదు గానీ, వెనక అద్దానికి దాన్ని ఇంకొన్నాళ్ళు ఉంచితే నష్టం లేదు. కొందరైనా దూరంగా ఉంటారు.

రోజూ ఒకే దారి

మొదట్లో కొత్త దారులు పట్టకండి. ఇంటి నుంచి నాలుగైదు కిలోమీటర్ల దారి ఒకటి ఎంచుకుని, రోజూ అదే సమయానికి వెళ్ళి రండి. తెల్లారి ఆరు, ఏడు మధ్య బాగుంటుంది. బస్సులు తక్కువ, పాల క్యాన్ల బళ్ళు, నడిచేవాళ్ళు మాత్రం ఉంటారు. ఏ మలుపు దగ్గర కుక్క పడుకుంటుందో, ఏ సందులోంచి సైకిలు బయటికొస్తుందో తెలిసిపోయాక టెన్షన్ సగానికి దిగుతుంది.

ఆ తర్వాత ఒక్కోసారి ఒక్కటే మార్చండి. అదే దారి, కానీ స్కూలు బస్సులు తిరిగే టైములో. అదే దారి, కానీ వానలో. అదే దారి, కానీ చీకటి పడ్డాక. కొత్త దారి, రాత్రి, వాన మూడూ ఒకే రోజు పెట్టుకుంటే కారు మళ్ళీ షెడ్డుకే చేరుతుంది.

టౌను అలవాటు చేసుకోవడానికి కాకినాడ మంచిది, అక్కడి రోడ్లు చాలావరకు తిన్నగా, వెడల్పుగా ఉంటాయి. అమలాపురం గడియార స్తంభం సెంటరు, భీమవరం ప్రకాశం చౌక్ లాంటివి సాయంత్రం పూట తర్వాత చూసుకోవచ్చు.

మనకున్న ఎత్తులు రెండే

డెల్టా అంతా చదును కాబట్టి ఎత్తు మీద కారు ఆపి కదిపే అలవాటు మనకి తక్కువ. అందుకే ఊళ్ళోంచి ఏటిగట్టు మీదికి ఎక్కే చోటా, కాలవ వంతెనల దగ్గరా కొత్తవాళ్ళు ఇరుక్కుంటారు. సగం ఎక్కాక ఎదురుగా ట్రాక్టరు వస్తుంది, ఆపుతారు. కదలబోతే కారు వెనక్కి జారుతుంది, వెనకేమో ఆటో.

దీనికి హ్యాండ్ బ్రేకే మందు. ఆపగానే హ్యాండ్ బ్రేకు లాగండి. మొదటి గేరు వేసి, కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ వదలండి. ఇంజను శబ్దం బరువెక్కి, బానెట్ లేచినట్టు అనిపించే చోటు వస్తుంది కదా, అక్కడ కాలు బిగబట్టి హ్యాండ్ బ్రేకు దించండి. కారు వెనక్కి పోదు. వెనక ఎవరూ లేని గట్టు దగ్గర పొద్దున్నే సాధన చేయండి. గేర్లు వాటంతటవే మారే ఏఎంటీ కారైనా నిశ్చింతగా ఉండకండి. ఎత్తు మీద బ్రేకు వదిలాక కూడా కారుని కాసేపు పట్టి ఉంచే హిల్ హోల్డ్ లేనివి బ్రేకు వదలగానే కాస్త జారతాయి.

ఉబ్బు వంతెన ఎక్కేటప్పుడు అవతలి నుంచి వచ్చే బండి కనిపించదు. హారను కొట్టి, పూర్తిగా ఎడమ పక్కకుండి, నెమ్మదిగా ఎక్కండి. వంతెన మీద ఓవర్‌టేక్ ఎప్పుడూ వద్దు.

ఎదురుగా బస్సు వస్తోంది

అసలు భయం ఇక్కడే. కారు, బస్సు కలిసి పట్టవు అనిపించే గట్టు రోడ్డు. చాలామంది ఏం చేస్తారంటే, బస్సు దగ్గరికి వచ్చేదాకా అలాగే వెళ్ళి, చివర్లో కంగారుగా ఎడమకి కోసేస్తారు. చేయాల్సింది చాలా ముందే మొదలవుతుంది.

కాలవ గట్టు రోడ్లు చాలాచోట్ల తిన్నగా ఉంటాయి కాబట్టి బస్సు దూరంనుంచే కనిపిస్తుంది. కనిపించగానే బస్సుని వదిలేసి, మీకూ దానికీ మధ్య రోడ్డు ఎక్కడ వెడల్పయిందో చూడండి. తూము దగ్గర, కొబ్బరి తోటలోకి దారి చీలే చోట, కాలవ అవతలి ఇళ్ళకి వేసిన చిన్న వంతెన మొదట్లో, బస్టాపు దగ్గర ఎక్కడో ఒకచోట జాగా ఉంటుంది. అది మీకు దగ్గరైతే ఎడమ ఇండికేటర్ వేసి అక్కడ ఆగిపోండి. పూర్తిగా ఆగండి. బస్సుకి దగ్గరైతే మీరు స్పీడు తగ్గించండి, బస్సు డ్రైవరే అక్కడ ఆగుతాడు. ఆ రోడ్డు మీద రోజూ తిరిగే మనిషి, జాగాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు.

ఆయన లైట్లు కొడితే దాన్ని "మీరు రండి" అనుకోవద్దు. మన వైపు లైటు కొట్టడమంటే ఎక్కువసార్లు "నేను వస్తున్నా, ఆగు" అనే. చెయ్యి ఊపితేనే కదలండి.

ఇప్పుడు కాలవ ఎటుంది? మీ ఎడమ పక్కన ఉంటే తారు దిగొద్దు. చక్రాలు తారు మీదే ఉంచి ఆపేసి, అద్దం మడిచి, బస్సుని రానివ్వండి. ఆయన తన కుడి పక్క ఎంత జాగా ఉందో కిటికీలోంచి చూసుకుంటూ పోతాడు, అది ఆయన పని. వెనకున్న బైకులవాళ్ళు "దింపండి సార్, దింపండి" అంటారు. దిగితే కాలవలోకి వెళ్ళేది వాళ్ళు కాదు. కాలవ మీ కుడి పక్కన ఉంటే లెక్క మారుతుంది: బస్సు కాలవ అంచున ఉంది, మీ పక్కన చేలున్నాయి. కొంచెం దిగాల్సింది మీరే. కానీ గడ్డి కింద పంట బోదె ఉందేమో చూసుకోండి. గడ్డి ఒత్తుగా, నేల కంటే కాస్త కిందికి కనిపిస్తే అది బోదే.

జాగా లేకపోతే వెనక్కి తీయాలి. పక్కనున్న మనిషిని దింపి, మీ కుడి అద్దంలో కనిపించేలా నిలబడమనండి, కారుకి సరిగ్గా వెనకాల మాత్రం వద్దు. క్లచ్ మీద నడక వేగంతో, రెండు అద్దాల్లోనూ తారు అంచు చూసుకుంటూ తీయండి. స్టీరింగ్ కొంచెం కొంచెమే తిప్పాలి. అందరూ చూస్తున్నారే అనిపిస్తుంది. నిజమే, చూస్తారు. మనూళ్ళలో ఇద్దరు ముగ్గురు దిగొచ్చి చేతులూపి మరీ సాయం చేస్తారు. నలుగురూ నాలుగు రకాలుగా చెప్తే ఒక్కరి మాటే వినండి.

తారు అంచు జారితే

చిన్న రోడ్లలో తారు పక్కన మట్టి మార్జిన్ చాలాచోట్ల కిందికి దిగిపోయి ఉంటుంది. వానాకాలంలో ఆ మట్టి మెత్తగా ఉండి చక్రాన్ని లాగేస్తుంది. ఎడమ చక్రం అందులోకి దిగగానే చెయ్యి దానంతటదే స్టీరింగ్‌ని కుడికి లాగబోతుంది. ప్రమాదం అక్కడే ఉంది. చక్రం తారు అంచుకి ఒరుసుకుని కాసేపు ఎక్కదు, ఎక్కీ ఎక్కగానే కారు ఒక్కసారిగా కుడి పక్కకి, అంటే ఎదురొచ్చే బండి మీదికో కాలవ మీదికో దూకుతుంది.

స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. యాక్సిలరేటర్ వదలండి. గట్టి బ్రేకు కొట్టొద్దు. కారు బాగా నెమ్మదించాక, అంచు తక్కువ ఎత్తున్న చోట కొంచెం కొంచెంగా పైకి ఎక్కించండి. అలా కుదరకపోతే అక్కడే ఆపేయడం మేలు.

కాలాన్ని బట్టి రోడ్డు మారుతుంది

సార్వా కోతలప్పుడు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా కోతలప్పుడు ఏప్రిల్, మేల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. రైతుకి వేరే జాగా లేదు, తిట్టుకుని లాభం లేదు. ధాన్యం మీద టైరు జారుతుంది, అందుకని దాని మీద బ్రేకు వేయకుండా ముందే నెమ్మదించి పక్కనుంచి వెళ్ళండి. రాత్రిళ్ళు అసలు గండం ధాన్యం కాదు, దాని చుట్టూ పెట్టిన రాళ్ళు, బరకాలు కప్పిన రాశులు. వాటికి లైటుండదు. కోతల రోజుల్లో చీకటి పడ్డాక చిన్న రోడ్ల మీద నలభై దాటకండి. వెనక లైట్లు లేని ట్రాక్టరు ట్రక్కులకీ ఇదే మాట.

భీమవరం, ఆకివీడు వైపు చేపల, రొయ్యల లారీల నుంచి నీళ్ళు కారుతూ ఉంటాయి. ఎండ కాస్తున్నా రోడ్డు తడిగా ఉంటే అదేనని గుర్తించి, లారీకి దూరంగా ఉండండి. బాతుల మంద అడ్డొస్తే హారను కొట్టొద్దు, బెదిరి చెల్లాచెదురవుతాయి. కాపరి తోలుకుపోయేదాకా ఆగితే సరిపోతుంది.

డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మంచు పడితే హైబీమ్ వేయకండి. వెలుగు మంచు మీద పడి మన కళ్ళలోకే తిరిగొస్తుంది. లోబీమ్, ఫాగ్ ల్యాంపులు వాడండి. ముందు అద్దం లోపల ఆవిరి పడితే ఏసీ గాలి అద్దం మీదికి పెట్టండి. ఏమీ కనిపించకపోతే రోడ్డు దిగి ఏ పెట్రోలు బంకులోనో ఆగండి. నాలుగు ఇండికేటర్లూ ఆగినప్పటికే, నడుస్తున్నప్పుడు కాదు. మామూలు రాత్రుల్లో ఎదుటి లైట్లు కళ్ళలో పడితే వాటిని చూడకుండా ఎడమ తారు అంచు చూస్తూ నెమ్మదించండి.

సంక్రాంతికి హైదరాబాదు కార్లన్నీ దిగుతాయి. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం వైపు కొత్త డ్రైవరు కారు తీసుకెళ్ళడం నాకైతే మంచి ఆలోచన అనిపించదు. నడిచెళ్ళినా తోపులాటే.

హైవే ఎక్కడం

చిత్రమేమిటంటే, గట్టు రోడ్లు అలవాటైనవాళ్ళకి 16వ నంబరు జాతీయ రహదారి తేలికనిపిస్తుంది. ఎదురొచ్చే బండి ఉండదు, అంటే ఉండకూడదు. రాంగ్ రూట్లో అంచు పట్టుకుని వచ్చే బైకులు, ట్రాక్టర్లు ఉంటూనే ఉంటాయి. మొదటిసారి ఆదివారం పొద్దున్నే రావులపాలెం నుంచి తణుకు దాకా వెళ్ళి రండి, దారిలో సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన కూడా వస్తుంది. నాలుగు వరసల హైవే మీద కార్లకి చట్టం ఒప్పుకునే గరిష్ఠ వేగం గంటకి వంద కిలోమీటర్లు. మీకు అరవై, డెబ్బై చాలు. కానీ ఆ వేగంతో కుడి వరసలో కూర్చోకండి. ఓవర్‌టేక్ చేసి ఎడమకి వచ్చేయండి.

ముందు బండికీ మీకూ మూడు సెకన్ల దూరం ఉంచండి. అది ఏదైనా బోర్డు దాటగానే లెక్క మొదలుపెట్టి, మూడు పూర్తయ్యాకే మీరు ఆ బోర్డు దాటాలి. అరవైలో కారు సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. వానలో ఇంకొంచెం పెంచండి. జాతీయ రహదారి మీద బండి ఆగిపోయినా, ప్రమాదం జరిగినా 1033కి ఫోన్ చేయొచ్చు. నంబరు ముందే సేవ్ చేసుకోండి.

పెద్ద వంతెనలంటే భయముంటే రాజమండ్రి, కొవ్వూరు మధ్య 1974లో మొదలైన రోడ్డు కమ్ రైలు వంతెనకంటే ముందు 2015లో వచ్చిన నాలుగో వంతెన మీద అలవాటు చేసుకోండి. వెడల్పుగా ఉంటుంది, ఎదురు బళ్ళ బెడద ఉండదు.

నీళ్ళు

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ వార్త వచ్చిందంటే లంకల వైపు కారు తీయకండి. కాజ్‌వే మీద పారే నీరు అడుగు లోతున్నా చిన్న కారుని పక్కకి నెట్టేయగలదు. ముందు వెళ్ళిన ట్రాక్టరు దాటింది కదా అని మీరు దిగొద్దు. ట్రాక్టరు బరువు వేరు, ఎత్తు వేరు.

కారు కాలవలో పడితే అన్న ఆలోచన గట్టు మీద నడిపే ప్రతివాళ్ళకీ వస్తుంది. ఏం చేయాలో తెలిసి ఉంటే ఆ భయం కొంత తగ్గుతుంది. పడగానే బెల్టు తీసేయండి, వెంటనే పక్క కిటికీ దించండి. పవర్ విండోలు నీళ్ళలో కొద్దిసేపే పని చేస్తాయి. తలుపు కోసం పెనుగులాడొద్దు, బయటి నీరు దాన్ని తెరవనివ్వదు. పిల్లల్ని ముందు కిటికీలోంచి బయటికి పంపి, మీరూ రావాలి. కిటికీ దిగకపోతే పక్క అద్దాన్ని మూల దగ్గర కొట్టాలి, ముందు అద్దం పగిలినా విడిపోదు. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి ఒకటి కొని డ్రైవరు తలుపు అరలో పెట్టుకోండి. డిక్కీలో ఉంటే ఉపయోగం లేదు.

గీత పడిన రోజు

ఎప్పుడో ఒకప్పుడు గేటుకో, కరెంటు స్తంభానికో రాసుకుంటుంది. ఇంట్లో ఒకరు "చెప్పానా" అంటారు. మర్నాడు పొద్దున్నే అదే దారిలో, అదే మలుపు దాకా వెళ్ళి రండి. వారం ఆగితే ఆ మలుపు మనసులో పెద్దదైపోతుంది. డెంటింగ్, పెయింటింగ్‌కి అప్పుడే షెడ్డుకి ఇవ్వకండి. ఆ పక్కనే ఇంకో గీత కూడా పడ్డాక రెండూ కలిపి చేయించుకోవచ్చు, ఖర్చూ కలిసొస్తుంది.